బొగ్గుబాయి దారిలో బోర్డుల లెక్క

గోదావరిఖనిలో బోర్డులకు కరువు లేదు. హైదరాబాద్ నుంచి కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని వచ్చేవాళ్లకు బసంత్‌నగర్ దగ్గరపడేసరికే అవి వరస కడతాయి. ముందు మలుపు ఉంది, స్పీడ్ బ్రేకర్ ఉంది, బడి ఉంది, లారీలు అడ్డం వస్తాయి, నెమ్మదిగా వెళ్లండి. ఊళ్లోకి వచ్చాక సింగరేణి బొగ్గు సంస్థ బోర్డులు మొదలవుతాయి. హెల్మెట్ పెట్టుకొమ్మనేది ఒకటి, అగ్గిపెట్టె, బీడీలు లోపలికి తేవద్దనేది ఇంకొకటి, ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు ఎదురుచూస్తున్నారని గుర్తుచేసేది మరొకటి. ఓపెన్‌కాస్టు గని అంచున ప్రవేశం లేదని ఎర్రక్షరాలు. ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు పుర్రె, రెండెముకల బొమ్మ. కొన్నిటికి ఎండకు రంగు వెలిసిపోయి ఉంటుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఏ రంగైనా ఎన్నాళ్లు ఉంటుంది? మిగతావాటి మీద బొగ్గుదుమ్ము.

ఇరవై ఏళ్లుగా అదే గేటులోంచి బాయికి పోతున్న కార్మికుణ్ని నాలుగడుగులు వేశాక ఆపి, ఇప్పుడు దాటొచ్చిన బోర్డు మీద ఏముందని అడిగితే చెప్పగలడా?

సరిగ్గా ఇలాంటి ప్రశ్ననే స్వీడన్‌లో రోడ్డు మీద అడిగి చూశారు. గున్నార్ యోహాన్సన్, కోరే రూమార్ అనే ఇద్దరు పరిశోధకులు కార్లు ఒక బోర్డు దాటిన కొద్ది దూరానికి వాటిని ఆపించి, వెనక ఏ బోర్డు వచ్చిందని డ్రైవర్లను అడిగారు. 1966లో అచ్చయిన ఆ ఫలితాల్లో వేగపరిమితి బోర్డును నూటికి 78 మంది గుర్తు చేసుకున్నారు. ముందు జనం రోడ్డు దాటే చోటు ఉందన్న హెచ్చరికను గుర్తుపెట్టుకున్నది నూటికి 17 మందే. ఏది పట్టించుకోకపోతే జరిమానా పడుతుందో అది మనసులో నిలిచింది. ఏదో జరిగితే జరగవచ్చు అని మాత్రమే చెప్పేది కంటిముందు నుంచి జారిపోయింది. డ్రైవర్లకు చూపు లేక కాదు. జరగవచ్చన్నది వందసార్లు జరగకపోతే, నూటొకటోసారి దాన్ని చదవడానికి బుర్ర ఒప్పుకోదు.

హెచ్చరిక బోర్డులు తగ్గించాలా, పెంచాలా అన్న తగువు మంచుదేశాల్లో ఒక వింత చోట కూడా నడుస్తోంది. అమెరికా, కెనడాల్లో స్నోమొబైల్ అనే బండి ఉంటుంది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మంచు మీద మోటారుసైకిల్‌లా దూసుకుపోతుంది. అడవుల్లో, పొలాల మీదుగా వేల కిలోమీటర్ల స్నోమొబైల్ బాటలున్నాయి. చాలా వాటిని స్థానిక క్లబ్బుల వాళ్లే జీతం భత్యం లేకుండా చదును చేసి, బోర్డులు పాతి చూసుకుంటారు. ప్రతి మలుపుకూ, ప్రతి గుంటకూ, ప్రతి ఇంటి దారికీ ఒక బోర్డు పెడితే నడిపేవాళ్లు దేన్నీ లెక్కచేయరని ఒక పక్షం అంటుంది. పైగా అన్ని మలుపులకూ బోర్డులుండే బాటలో ఏదో ఒక మలుపుకు లేకపోతే, అక్కడ ప్రమాదం లేదనుకుని వేగం తగ్గించరు. రెండో పక్షం వాదన కూడా కొట్టిపారేసేది కాదు. రాత్రిపూట నడిపేవాళ్లున్నారు, బాట తెలియని కొత్తవాళ్లున్నారు, మంచు కప్పితే రాయీ కనపడదు, కంచె తీగా కనపడదు. రేపు ఎవరైనా కాలు విరగ్గొట్టుకుని కోర్టుకెక్కితే బోర్డు ఎందుకు లేదని జడ్జి అడుగుతాడు.

ఈ చివరి వాదనకు బలం ఎక్కువ. బోర్డులు పెరగడానికి అసలు కారణం చాలాసార్లు అదే. అమెరికాలో రోడ్డు సంకేతాలకు ఆధారమైన ప్రభుత్వ నియమావళి మాత్రం హెచ్చరిక బోర్డులను వీలైనంత తక్కువే వాడాలని, అనవసరంగా వాడితే జనానికి అన్ని బోర్డుల మీదా గౌరవం పోతుందని ఏనాడో రాసుకుంది. ఆ బాటల్లో గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. పొలాల మీదుగా పోయే చాలా బాటల్లో శీతాకాలం ముగియగానే క్లబ్బుల వాళ్లు బోర్డులు పీకి దాచేస్తారు. మళ్లీ మంచు పడ్డాక బాట చూసుకుంటూ కొత్తగా పాతుతారు. అంటే ఏటా ప్రతి బోర్డునూ ఒక మనిషి చేత్తో పట్టుకుని, ఇది ఇక్కడ అవసరమా అని ఒకసారి అనుకోవాల్సిందే. మన రోడ్డు మీద పాతిన బోర్డుకు ఆ యోగం ఎప్పుడు పడుతుంది? లారీ గుద్దినప్పుడు.

తగ్గించాలనేవాళ్లలో అందరికంటే ముందుకు పోయినవాడు నెదర్లాండ్స్ ట్రాఫిక్ ఇంజనీరు హాన్స్ మాండర్‌మన్. రోడ్డు తనంతట తాను ఏం చెప్పాలో చెప్పలేనప్పుడే బోర్డు కావలసి వస్తుందని ఆయన పట్టుదల. మక్కింగా అనే ఊళ్లో బోర్డులు తీయించాడు. ద్రాక్టెన్ పట్టణంలో రోజుకు ఇరవై వేలకు పైగా వాహనాలు తిరిగే కూడలిలో సిగ్నల్ దీపాలు ఎత్తేసి, రోడ్డు రూపాన్నే మార్చేశారు. చెప్పేవాళ్లు లేకపోయేసరికి డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నెమ్మదించారు. 2008లో ఆయన పోయేనాటికి యూరప్‌లో చాలా ఊళ్లు ఆ దారి పట్టాయి. అయితే ఎదుటివాడి ముఖం చూడలేనివాళ్ల సంగతేమిటి? బ్రిటన్‌లో చూపులేనివాళ్ల సంఘాలు ఈ ప్రశ్నే గట్టిగా అడిగాయి. కాలిబాటకూ రోడ్డుకూ మధ్య గట్టు తీసేస్తే చేతికర్రకు ఏం తగులుతుంది? 2018లో అక్కడి ప్రభుత్వం అలాంటి కొత్త పథకాలను కొంతకాలం ఆపమని స్థానిక సంస్థలకు చెప్పింది.

ఈ చర్చను బొగ్గుబాయి దగ్గరికి తీసుకొస్తే దాని రంగే మారిపోతుంది. గోదావరిఖని ప్రాంతంలో ప్రమాదం ఊహ కాదు, తేదీలతో సహా జనానికి గుర్తుంది. 2003 జూన్ 16న జీడీకే–7 ఎల్ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. నాలుగు నెలలకే, అక్టోబర్ 16న, జీడీకే–8ఏ గనిలో కప్పు కూలి మరో 10 మంది. 2020 జూన్ 2న, తెలంగాణ ఆవిర్భావ దినం రోజున, ఆర్జీ–3 ఏరియా ఓపెన్‌కాస్టులో పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోతే, వారిలో ఒకరు ఆ ఏరియా రక్షణ అధికారి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ బోర్డు చదవకపోవడం వల్ల జరిగినట్టు కనపడదు. అడ్రియాలలో పోయిన రక్షణ అధికారి కంటే ఎక్కువగా ఆ బోర్డులన్నీ తెలిసినవాళ్లు ఎవరుంటారు? పాత పనుల్లో నిలిచిన నీటికి చేరువలో తవ్వకుండా చూడవలసింది ప్లానులు గీసేవాళ్లు, సర్వేయర్లు, అనుమతులిచ్చేవాళ్లు. నీళ్లు నిండిన పాత పనులకు 60 మీటర్ల లోపు ప్రత్యేక అనుమతి లేకుండా తవ్వరాదన్న నియమం అందుకే ఉంది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీరు విరుచుకుపడి 375 మంది జలసమాధి అయ్యాక ఆ నియమం విలువ దేశంలో ప్రతి బొగ్గు గనికీ తెలుసు. అలాంటి చోట కార్మికుడి కోసం రాసిన బోర్డుకు చేయగలిగిన పనేమీ లేదు.

రక్షణ శాస్త్రంలో ఐదు మెట్లు చెబుతారు. ప్రమాదాన్నే లేకుండా చేయడం మొదటిది. దాని బదులు తక్కువ ప్రమాదకరమైనది వాడడం రెండోది. యంత్రంతోనో కట్టడంతోనో అడ్డుకట్ట వేయడం మూడోది. బోర్డులు, శిక్షణ, నియమాలు నాలుగో మెట్టు. హెల్మెట్, బూట్లు చివరిది. పైమూడింటికి డబ్బూ కాలమూ కావాలి. నాలుగోది చవక, పైగా ఫొటో తీసి ఫైలులో పెట్టుకోవచ్చు. ప్రమాదం జరిగిన మర్నాడు అక్కడ కొత్త బోర్డు లేచి నిలబడడం చూస్తూనే ఉంటాం.

దీనికి తెలంగాణలోనే గుండె పగిలే ఉదాహరణ ఉంది. మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర 2014 జూలై 24న నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు బడి బస్సును ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. కాపలా లేని క్రాసింగుల దగ్గర దేశమంతటా ఆగి, రెండువైపులా చూసి దాటమన్న బోర్డులే దిక్కుగా ఉండేవి. ఆ తర్వాత జనం అడిగింది పెద్దక్షరాల బోర్డు కాదు. గేటో, కింద వంతెనో అడిగారు. 2019 జనవరి ముగిసేసరికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులన్నీ ఎత్తేశామని రైల్వే శాఖ ప్రకటించింది. బోర్డు తగ్గించడమంటే నిజానికి ఇదీ. ఆ బోర్డు అవసరం లేకుండా చేయడం.

అంత ఖర్చు పెట్టలేని చోట ఏం చేయాలి? ముంబైలో పట్టాలు దాటుతూ చనిపోయేవాళ్లను ఆపడానికి 2010 ప్రాంతంలో వడాలా స్టేషన్ దగ్గర ఒక ప్రయోగం జరిగింది. పట్టాలు దాటరాదని రాసిన బోర్డులు అప్పటికే ఉన్నాయి, ఎవరూ చూడడం లేదు. రైలు ఎంత వేగంగా వస్తోందో కంటికి తెలిసేలా కొన్ని స్లీపర్లకు పసుపు రంగు వేశారు. డ్రైవర్ ఒకే పొడుగు కూత బదులు రెండు పొట్టి కూతలు వేసేలా చూశారు. మాటలు రాసిన బోర్డు స్థానంలో, రైలు మీదికి వస్తుంటే భయంతో నోరు తెరిచిన మనిషి ముఖం ఫొటో పెట్టారు. చావులు తగ్గాయని నిర్వాహకులు చెప్పారు. ఎక్కువ చెప్పలేదు వాళ్లు, చెప్పే తీరు మార్చారు.

గని లోపలికి వెళితే ఈ విద్య వాళ్లకు కొత్తది కాదని తెలుస్తుంది. బాయిలో ప్రాణాలు కాపాడే సంకేతాలు చాలావరకు చదవాల్సినవి కావు. టబ్బులు లాగే హాలేజీ నడుస్తుండగా గంట ఒక్కసారి మోగిందంటే ఆపేయాలి. ఎందుకని అడగడం, ఆలోచించడం ఉండదు. కప్పు ఎలా ఉందో, పని చోటును తనిఖీ చేసే సర్దార్ కర్రతో తట్టి వింటాడు. గట్టి కప్పు మోతకూ, లోపల విడిపోయిన బండ బోలు మోతకూ తేడా ఒక్కసారి విన్న చెవి మరచిపోదు. రెండు శతాబ్దాల కిందట, 1815లో, హంఫ్రీ డేవీ చేసిన రక్షణ దీపంలో మంట మీద నీలి టోపీ కనిపిస్తే మీథేన్ ఉన్నట్టు. ఇప్పుడు ఆ పని ఎలక్ట్రానిక్ మీటర్లు చేస్తున్నాయి. గాలిలో ఆ వాయువు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. నియమాలు మాత్రం పని జరిగే చోట ఎక్కడా 1.25 శాతం దాటరాదంటాయి. సంకేతం మోగిందంటే చేయవలసిన పని ఒకటి ఖాయంగా ఉంటుంది.

అయితే మోగేవి కూడా మితిమీరితే బోర్డుల గతే పడుతుంది. బ్రిటన్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో 1994 జూలై 24న పేలుడు జరిగింది. అంతకు ముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయని దర్యాప్తు తేల్చింది. ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకునేలోపే అంతా అయిపోయింది. ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం, సింగరేణి ఒకదాని పక్కన ఒకటి ఉన్న రామగుండం లాంటి చోట ఈ కథ ప్రతి కంట్రోల్ రూములోనూ చెప్పుకోదగ్గది.

బాయి లోపల ఇంకో ఏర్పాటు ఉంది. చూడడానికి చిన్నదే గాని, తగ్గించాలా పెంచాలా అన్న తగువుకు అసలు జవాబు అందులోనే ఉంది. ఒక చోట కప్పు చెడిందని సర్దారో ఓవర్‌మనో గుర్తిస్తే అక్కడ కంచె కట్టించి మనుషుల్ని రానివ్వడు. షిఫ్టు దిగేటప్పుడు రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. తర్వాతి షిఫ్టువాడు అది చదివి దిగుతాడు. ఆధారాలు వేయించి, అర్హత ఉన్న మనిషి చూసి బాగుందని చెప్పాకే ఆ కంచె తీస్తారు. అంటే ఆ హెచ్చరికకు పెట్టిన మనిషి ఉన్నాడు, తేదీ ఉంది, తీసే మనిషి ఉన్నాడు, తీయడానికో పద్ధతి ఉంది. అందుకే లోపల కంచె కనబడితే పాత కార్మికుడు దాటడు. అది నిన్నటిది కాదని, ఇవాళ్టిదని అతనికి తెలుసు.

గని పైకి రాగానే ఈ పద్ధతి మాయమవుతుంది. ఓపెన్‌కాస్టు సంగతే తీసుకుంటే, సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు వాటినుంచే వస్తోంది. అక్కడ రోడ్డు ఒకచోట నిలవదు. బెంచీ ముందుకు జరిగేకొద్దీ డంపర్లు నడిచే హాల్ రోడ్ కూడా జరుగుతుంది. పోయిన నెల మలుపు ఉన్నచోట ఈ నెల గుంత ఉండవచ్చు. వంద టన్నుల డంపర్ డ్రైవర్ మేడ మీద కూర్చున్నంత ఎత్తున ఉంటాడు. బండి ముందు, కుడిపక్కన దగ్గరగా నిలబడ్డ జీపు అతనికి కనపడదు. అలాంటి చోట పాతబడ్డ బోర్డు ఊరికే పనికిరానిదని వదిలేయడానికి లేదు, అది అబద్ధం చెబుతుంది. బ్లాస్టింగ్ విషయంలో మాత్రం పద్ధతి గట్టిగా ఉంటుంది. సైరన్ మోగుతుంది, 500 మీటర్ల ప్రమాద పరిధిలోంచి మనుషుల్ని పంపేస్తారు, ఎర్ర జెండాలతో కాపలా నిలబెడతారు, పేల్చి అంతా చూశాక మళ్లీ సైరన్ వేసి వదులుతారు. ప్రమాదం ఉన్నంతసేపే హెచ్చరిక ఉంటుంది. ఒకవేళ ఆ సైరన్ రోజంతా మోగుతూనే ఉంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెవిన పెడతారా?

ఇక గేటు బయట, రాజీవ్ రహదారి మీద, పరిస్థితి పూర్తిగా దైవాధీనం. బొగ్గు లారీలు, కుందనపల్లి బూడిద చెరువు నుంచి వచ్చే టిప్పర్లు, షిఫ్టు వదిలినప్పుడు గుంపుగా వచ్చే మోటారుసైకిళ్లు, బడిపిల్లల ఆటోలు అన్నీ ఒకే రోడ్డు మీద. బోర్డు పాతినవాళ్లలో రోడ్లు భవనాల శాఖ ఉంటుంది, కార్పొరేషన్ ఉంటుంది, కంపెనీలుంటాయి, పోలీసులుంటారు, పుణ్యం కోసం ఏదో క్లబ్బు ఉంటుంది. ఎప్పుడో జరిగిన తవ్వకానికి పెట్టిన 'పనులు జరుగుచున్నవి' పని అయిపోయాక కూడా నిలబడే ఉంటుంది. నిజంగా పనులు జరిగే చోట రెండు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ.

బోర్డులు తగ్గించాలన్న మాటకు ఈ ప్రాంతంలో ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఊరి మనుషులు మారిపోయారు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉంది. ఆ ఖాళీలో కాంట్రాక్టు కార్మికులు, బయటి రాష్ట్రాల డ్రైవర్లు వచ్చి చేరారు. తండ్రి బాయిలో పనిచేస్తే కొడుకుకు చిన్నప్పుడే తెలిసే సంగతులు నిన్న వచ్చిన టిప్పర్ డ్రైవర్‌కు ఎలా తెలుస్తాయి? అతనికి తెలుగు అక్షరాలు రాకపోవచ్చు, కొన్నిసార్లు ఏ అక్షరాలూ రాకపోవచ్చు. పాతకాపులకు విసుగనిపించే బోర్డే కొత్తవాడికి ఏకైక ఆధారం. మంచుబాటల మీద కొత్తవాళ్ల గురించి రెండో పక్షం చెప్పేదీ ఇదే. కాబట్టి ఉంచే బోర్డులు బొమ్మలతో ఉండాలి, రాత్రి లైటుకు మెరవాలి, దుమ్ము తుడిచే మనిషి ఉండాలి. పది అరకొర బోర్డులకు పెట్టే డబ్బుతో అలాంటివి రెండు నిలుస్తాయి. నినాదాల బోర్డులు సగం తీసేసినా నష్టపోయేది పెయింటరొక్కడే.

ఏటా జరిగే సింగరేణి రక్షణ పక్షోత్సవాల్లో గనుల మధ్య పోటీలుంటాయి, ప్రదర్శనలుంటాయి, బహుమతులిస్తారు. ఈసారి అందులో ఒక రోజును బోర్డుల తనిఖీకి కేటాయించమని సంస్థను అడగాలి. కార్పొరేషన్, రోడ్లు భవనాల శాఖ, ఎన్టీపీసీ అధికారులు కూడా కలిసి బసంత్‌నగర్ నుంచి గోదావరి వంతెన దాకా ఒకసారి నడవాలి. ప్రతి బోర్డు వెనక పెట్టినవాళ్ల పేరు, పెట్టిన తేదీ, మళ్లీ చూడాల్సిన తేదీ రాయాలి. పేరు చెప్పేవాళ్లు దొరకని బోర్డును అక్కడికక్కడే పరీక్షించి, అవసరమైతే ఎవరో ఒకరు తమ పేరు మీద వేసుకోవాలి, లేకపోతే పీకేయాలి. ఆ నడకలో అధికారులే ఉంటే చాలదు. నెల కిందట ఈ రోడ్డు మీదికి వచ్చిన ఒక టిప్పర్ డ్రైవర్‌నూ, పిల్లల్ని రోజూ బడికి దింపే ఒక ఆటో డ్రైవర్‌నూ వెంట తీసుకెళ్లి, ఏ బోర్డు కనపడిందో ఏది కనపడలేదో ముందు వాళ్లనే అడగాలి.